గీతలు లేని రికార్డు

దయ్యాల్ని నేను నమ్మను. ఇప్పుడే కాదు, చిన్నప్పటి నుంచీ అంతే. నాందేడ్ దిక్కు మర్ఖేల్‌లో మా వాడ వెనక ఒక పాడుబడ్డ బావి ఉండేది. పొద్దుగూకితే అందులో ఎవరో మూలుగుతారని మా పెద్దమ్మ చెప్పేది. నేను పోయి వంగి చూశాను. మూలిగేది పావురం. రెండు గుడ్లు కూడా ఉన్నాయి. ఇంకోసారి మా ఆడబిడ్డకు పూనకం వచ్చి అందర్నీ తలా ఒక మాట అంటుంటే, నేను చల్లనీళ్లు కుండెడు తెచ్చి నెత్తిన కుమ్మరించాను. అమ్మవారు అక్కడికక్కడే దిగిపోయింది. ఆ తర్వాత నన్ను తిట్టింది మాత్రం ఆడబిడ్డే. అట్లాంటి మనిషిని నేను.

అరవై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. మా దిక్కు అప్పట్లో సర్కారు కచేరీ పని ఉర్దూలో, బజారు మరాఠీలో నడిచేవి. తెలుగు నోట్లో ఉండేది తప్ప కాగితం మీద ఎవరూ చూపించలేదు. బోధన్ నుంచి వచ్చిన మా చిన్న కోడలు పొయ్యి ముందు బూడిద పరిచి, వేలు పట్టి రాయించింది. ఈ సంగతి నువ్వే రాయాలని కూడా ఆమే పట్టుబట్టింది. నేను చెబితే ఆమె రాస్తే, మధ్యలో సొంతంగా ఏదైనా కలుపుతుందని నా భయం. అందుకే నేనే రాస్తున్నాను. చూసింది, విన్నది, అంతే.

నిజాం రాజ్యం ఉండగా జరిగిన మాట. రెండో పెద్ద యుద్ధం నడుస్తోంది. నాకు అటూ ఇటూగా పాతికేళ్లు, ఒక బిడ్డ తల్లిని. నా పెనిమిటి ఎల్లయ్య నాందేడ్‌లో ఒక జిన్నింగు మిల్లులో పత్తి బేళ్లు నొక్కే పని చేసేవాడు. మిల్లు ఇంజనీరు ఒక పార్సీ ఆయన. ఆయన్ని సాబ్ అనేవాళ్లం, ఆయన భార్యను బాయిసాబ్ అనేవాళ్లం. వాళ్ల బంగళాలో ఊడ్చి, తుడిచి, పిండి విసిరే పని నాది. మేముండే గది కూడా ఆ బంగళా వెనకే.

బాయిసాబ్ నాతో మరాఠీలో దక్కనీ కలిపి మాట్లాడేది. నేను తెలుగులో జవాబు చెప్పేదాన్ని. ఇద్దరికీ అర్థమయ్యేది. ఇక్కడ అందరి మాటలూ మా తెలుగులోనే రాస్తున్నాను. నాకు అట్లాగే గుర్తున్నాయి.

ఆమెకు పిల్లలు లేరు. తల్లి చచ్చిపోయాక తమ్ముణ్ణి తానే పెంచింది. ఆ పిల్లవాడి పేరు నౌషీర్. ఫిడేలు నేర్చుకుంటానని విలాయతికి పోయి, లండన్‌లో ఒక పెద్ద మేళంలో చేరాడు. మేళమంటే మన పెళ్లి బాజా కాదు. నలభై ఫిడేళ్లు, ఇంకా ఊదేవి, కొట్టేవి. యుద్ధం మొదలయ్యే ముందు అక్కడి నుంచి ఒక పెట్టె పంపించాడు. అట్ట పుస్తకంలా ఉండేది. పేజీలన్నీ కాగితపు సంచులే, సంచికి ఒకటి చొప్పున అయిదు రికార్డులు. ఈ మేళంలో వెనక వరసలో నేనూ వాయించానక్కా అని ఉత్తరం కూడా పెట్టాడు.

మా ఎల్లయ్య ఆ రికార్డుల్ని పెనాలు అనేవాడు. "దొరల ఇండ్లల్ల పెనం మీద రొట్టె కాలదు, పాట కాలుతది" అని ఒకటే నవ్వు.

అదంతా కలిపి ఒకటే పాటట. అయిదు రికార్డులు, పది వైపులు, మధ్యలో లేచి లేచి తిప్పి పెట్టాలి. ఇది పాత రాజుల కాలం సంగీతం కాదు, దీన్ని కట్టినాయన ఇంకా బతికే ఉన్నాడు అని బాయిసాబ్ చెప్పింది. ఒక ఫిడేలు ముందు మాట్లాడుతుంది, మిగతా గుంపు దానికి జవాబు చెబుతుంది. అది మాత్రం నాకు చప్పున తెలిసింది. కలుపు తీసేటప్పుడు ఒకామె పాట ఎత్తుకుంటే మిగతావాళ్లం అందుకుంటాం కదా, అదే. కాకపోతే ఈ ఎత్తుకునే ఆమెకు కొంచెం తిక్క. మంచిగా పోతూ పోతూ, పిల్లి తోక తొక్కినట్టు ఒక్క అరుపు అరుస్తుంది. మొదట్లో ఆ అరుపు వచ్చినప్పుడల్లా నేను కాళ్ల కింద చూసుకునేదాన్ని.

గ్రామఫోనుకు చావి తిప్పడం, సూది మార్చడం, రికార్డు తిప్పి పెట్టడం నాకు నేర్పింది. చదువు రాదు కాబట్టి కాగితపు సంచుల మీద సున్నంతో చుక్కలు పెట్టుకున్నాను. ఒక్కో వైపుకు ఒక పేరు. మొదటిది తగువు వైపు. రెండోది పిల్లి వైపు. అయిదోది ఏడుపు వైపు. పదోది పెళ్లి వైపు, అందరూ ఒక్కసారి మీద పడి వాయిస్తారు. ఏడోది తమ్ముడి వైపు.

ఏడో వైపులో ఒకచోట గుంపంతా ఆగిపోతుంది. వెనక నుంచి ఒకటే ఫిడేలు సన్నగా వినిపిస్తుంది. అది వచ్చినప్పుడు బాయిసాబ్ వేలు పైకెత్తేది. "ఇగో, మావోడే" అనేది. రోజూ నాలుగింటికి చాయ్ తాగాక ఆ ఒక్క వైపే పెట్టించుకునేది. నేనూ వింటూ పక్కన నిలబడేదాన్ని. అబద్ధమెందుకు, నాకు అన్ని ఫిడేళ్లూ ఒక్కలాగే ఉండేవి. కానీ ఆమె వేలెత్తినప్పుడు ఆ మొహం చూడాలి.

యుద్ధం ముదిరింది. లండన్ మీద బాంబులు పడుతున్నాయని సాబ్ పేపరు చదివి చెప్పేవాడు. నెలకొక ఉత్తరం వచ్చేది రెండు నెలలకు వచ్చింది. తర్వాత అసలే రాలేదు. చలికాలం పోయింది, ఉగాది పోయింది. బాయిసాబ్ తిండి తగ్గింది. ఆ ఏడో వైపు మాత్రం తగ్గలేదు. సికిందరాబాదులో ఎవరో తెలిసిన పెద్దమనిషి ఉన్నాడు, తంతి పంపి కనుక్కుంటాడని, ఆలుమగలిద్దరూ మూడు రోజులకని రైలెక్కారు.

నేను చేసిన ఘనకార్యం ఆ మూడు రోజుల్లోనే.

నాందేడ్ ఎండలు తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఏడో వైపు ఉన్న రికార్డు ఆ వేడికి కొంచెం వంగింది. వాడింది అదే ఎక్కువ కదా. గ్రామఫోను మీద పెడితే పడవలా ఊగేది. వాళ్లు వచ్చేలోగా దీన్ని సరిచేసి పెడదామనుకున్నాను. ఎండలో మెత్తబడితే బరువు పెట్టాలి, అంతే కదా. వరండాలో చెక్క బల్ల మీద పెట్టి, పైన జొన్నల మూట ఎత్తాను. ఆ బల్లకు రెండు పలకల మధ్య బొటనవేలంత సందు ఉంది. అది నేను చూసుకోలేదు.

మూట తీసేసరికి రికార్డు రెండు ముక్కలు. పక్కన సమోసా అంత చిన్న ముక్క ఇంకొకటి.

మధ్యాహ్నం రొట్టెలకు వచ్చిన ఎల్లయ్య చూశాడు.

"ఏమే, పెనం పగులగొట్టినవా?"

"నోరు మూసుకో."

"మూట గట్టుకో. మర్ఖేల్‌కు పోదాం. సాబ్ అచ్చి ఎల్లగొట్టుడు కన్న ముందే మనమే పోతే ఇజ్జత్‌గ ఉంటది."

వెళ్లగొడతారన్నది నిజమే. గది కూడా పోతుంది. కానీ నా బాధ అది కాదు. ఆమెకు తమ్ముడని చెప్పుకోవడానికి మిగిలింది ఆ ఒక్క వైపే. దాన్ని నేను జొన్నల మూట కింద పెట్టి విరిచాను. యుద్ధంలో ఓడలు నడవడం లేదు, ఇంకొకటి తెప్పించడం ఎవరి తరమూ కాదు.

విరిగిన అంచు పట్టుకుని చూస్తే, ఆ మెరుపు, ఆ వాసన నాకు తెలిసినవే అనిపించింది. కొస తీసుకుపోయి పొయ్యిలో నిప్పుకు ఆనించాను. మెత్తబడి దారంలా సాగింది. లక్క! మా చేతులకు వేసుకునే గాజుల లక్క. ఇంత పెద్ద మేళాన్ని దొరలు లక్కలో పోసి పంపించారన్నమాట. అయితే దీనికి వైద్యుడు మన బజార్లోనే ఉన్నాడు.

మక్బూల్ చాచా లక్క గాజులు చేసేవాడు. నా పెళ్లి గాజులు కూడా ఆయన చేసినవే. ముందర బొగ్గుల కుంపటి, పక్కన ఇనుప రేకు, చేతిలో లక్కను సాగదీసి నునుపు చేసే చెక్క పిడి. ముక్కలు మూడూ ఆయన ముందు పెట్టాను.

అటూ ఇటూ తిప్పి చూసి, నాలుకతో అంటి చూసి, ఉమ్మేశాడు.

"లక్కే. గని దీంట్ల మన్ను కలిపిండ్రు. దొరలు సుత కల్తీ చేస్తరు బిడ్డా."

"అతుకుతదా చాచా?"

"ఫికర్ నక్కో. నలభై ఏండ్ల సంది గిదే పని."

మెల్లగా కాచాడు. అంచులు కలిపాడు. అతుకు దగ్గర చాలకపోతే తన దగ్గరున్న ఎర్ర లక్క కొంచెం నింపాడు. తర్వాత రేకు మీద పరిచి, చెక్క పిడితో పామి పామి, ఒకవైపు అయ్యాక రెండోవైపు తిప్పి పామాడు. నడుమ బొక్క పూడుకుపోతే కాల్చిన చువ్వతో మళ్లీ పొడిచాడు. నడుమ అంటించి ఉన్న ఎర్ర కాగితం ఊడి వచ్చింది, ఒక అంచు మాడింది. దాన్ని బంకతో అతికించాడు. చివరికి పైకెత్తి చూపిస్తే అద్దంలా ఉంది. అందులో నా మొహం కనిపించింది.

అప్పుడు నాకు చిన్న అనుమానం వచ్చింది.

"చాచా, సన్నసన్న గీతలుండె గదా దీని మీద. అన్నీ పోయినయి."

"సూది గీసీ గీసీ పడ్డ గీతలు బిడ్డా అవి. అరిగిపోయిన సామాను. ఇప్పుడు సూడు, నున్నగ ఉంటెనే సూది మంచిగ ఉరుకుతది."

నాకు అది న్యాయంగానే తోచింది. మీరు నవ్వుతారు. నవ్వండి. గ్రామఫోను పాట గీతల్లో ఉంటుందని మాకు ఎవరు చెప్పారు? రోజూ సూది దాని మీదే గీసుకుంటూ పోతుంటే, గీసినందుకే గీతలు పడ్డాయని ఎవరైనా అనుకుంటారు. పాట గ్రామఫోను కడుపులో ఎక్కడో ఉంటుందని, రికార్డు దాన్ని తిప్పడానికని నా లెక్క.

పామినప్పుడు అంచుల నుంచి కొంచెం లక్క పొంగి మిగిలింది. చాచా దాన్ని పారేయలేదు. ఎర్ర లక్కతో కలిపి మెలితిప్పి నాకొక గాజు చేసి, వేడిమీదే చేతికి ఎక్కించాడు. నేను సంబరంగా ఇంటికి వచ్చాను. దారిలో పాట కూడా పాడుకున్నాను.

మూడో రోజు మధ్యాహ్నం వాళ్లు వచ్చారు. టాంగా దిగేటప్పుడే తెలిసింది. సాబ్ ఆమె మోచేయి పట్టుకుని దింపాడు. నౌషీర్ ఉన్న ఇల్లు చలికాలంలోనే బాంబు పడి కూలిందట. ఆ ఇంటివాళ్లలో కొందరు దొరికారు, కొందరు దొరకలేదు. నౌషీర్ ఎందులోనూ లేడు. అంతకుమించి ఎవరికీ తెలియదు.

బాయిసాబ్ ఏడవలేదు. కాళ్లు కూడా కడుక్కోకుండా గ్రామఫోను ముందు కుర్చీలో కూర్చుంది.

"నర్సవ్వా, ఏడోది పెట్టు."

"ఇయ్యాల వద్దు" అన్నాడు సాబ్.

"పెట్టు" అంది ఆమె.

సున్నంతో ఏడు చుక్కలు పెట్టిన సంచిలోంచి దాన్ని తీశాను. సాబ్ నా చేతిలోంచి లాక్కుని కిటికీ దగ్గరకు తీసుకుపోయాడు. తిప్పి చూశాడు. వేలితో రుద్దాడు.

"గిదేంది? హారతి పళ్లెమా?"

అప్పుడు ఉన్నదంతా చెప్పాను. బల్ల సందు, జొన్నల మూట, మక్బూల్ చాచా, అన్నీ. సాబ్ మంచివాడే, కానీ ఆ రోజు అరిచిన అరుపు మిల్లు గేటు దాకా వినిపించి ఉంటుంది. పాట గీతల్లో ఉంటుందని నాకు తెలిసింది అప్పుడే, ఆ అరుపుల మధ్యలోనే. కోతల ఎండలో కూడా రానంత చెమట ఒక్కసారి పట్టింది. వంటింటి గడప దగ్గర కట్టెల మోపుతో నిలబడ్డ ఎల్లయ్య, నేను చెప్పలేదా అన్నట్టు చూశాడు.

బాయిసాబ్ మాత్రం ఆ రికార్డు చేతిలోకి తీసుకుని, ఎర్ర అతుకు మీద బొటనవేలు పెట్టి తడిమింది.

"అతికిచ్చినవా?" అని అడిగింది నన్ను.

"అతికిచ్చిన బాయిసాబ్."

"అయితే పెట్టు."

"సూది ఖరాబైతది, ఇంకేం గాదు" అన్నాడు సాబ్.

"కానియ్యి."

చావి తిప్పాను. కొత్త సూది బిగించాను. మెల్లగా దించాను. ఇప్పటి నుంచి ఒక్కో మాట ఆలోచించి రాస్తున్నాను.

మొదట సర్రుమని చప్పుడు వచ్చింది, మూకుడులో నూనె కాగినట్టు. రికార్డు ఎత్తుపల్లాలుగా ఉండబట్టి సూది లేస్తూ పడుతూ ఉంది. సాబ్ ఎత్తేయడానికి చెయ్యి చాపాడు. అప్పుడు ఎవరో ముక్కు ఎగబీల్చారు. గదిలో కాదు, గ్రామఫోనులో. మేము నలుగురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఎవరి ముక్కూ కదల్లేదు.

ఆ తర్వాత ఫిడేలు.

నలభై కాదు, ఒకటే. చాలా దూరం నుంచి, దుప్పటి కప్పుకుని వాయిస్తున్నట్టు వచ్చింది. అది ఏడో వైపు పాట కాదు. పది వైపుల్లో ఎక్కడా లేని పాట. అయిదు రికార్డులూ రోజూ తుడిచి, పెట్టి, విన్న చెవులు నావి. ఇది నేను విననిది. మూడు మెట్లు ఎక్కుతుంది, నాలుగో మెట్టు దగ్గర ఏదో మరిచిపోయినట్టు ఆగి వెనక్కి వస్తుంది. మళ్లీ ఎక్కుతుంది, మళ్లీ వెనక్కి. తిక్క లేదు, పిల్లి అరుపు లేదు. పసిపిల్లలకు కూడా వచ్చేంత తేలిక పాట.

జొన్నరొట్టె రెండు వైపులా కాలేంత సేపు వచ్చి ఉంటుంది. మధ్యలో ఇంకోసారి ముక్కు ఎగబీల్చడం వినిపించింది. తర్వాత సర్రుమనే చప్పుడు, సూది జారిపోయి నడుమ కాగితానికి కొట్టుకుని ఆగింది.

బాయిసాబ్ గట్టిగా నవ్వింది. అన్ని నెలల తర్వాత మొదటిసారి.

"సూసినవా? వీనికి జలుబు ఇంక తగ్గలే!"

చిన్నప్పటి నుంచీ వాడికి జలుబు పోదట. ఫిడేలు కమాను ఎత్తే ముందు ముక్కు ఎగబీల్చకుండా ఏనాడూ వాయించలేదట. ఆమె ఆ కుర్చీలోంచి లేచి, కాళ్లు కడుక్కుని, ఆకలవుతుందని చెప్పి రెండు రొట్టెలు తింది.

సాబ్ చెమట తుడుచుకుని సూది మార్చి మళ్లీ పెట్టాడు. సర్రు, అంతే. మళ్లీ పెట్టాడు. రెండోవైపు పెట్టాడు. ఏమీ లేదు. మరునాడు మిల్లు నుంచి భూతద్దం తెచ్చి కిటికీ వెలుగులో గంటసేపు చూశాడు. ఒక్క గీత లేదు. పాత గీతలు లోపల మిగిలి ఉంటాయన్నాడు. కాసేపాగి, మిగిలితే పాత పాటే రావాలి కదా అని ఆయనే అన్నాడు. గాలిలో రేడియో మాటలు ఏమైనా తగిలాయేమో అన్నాడు. ఆ బంగళాలో రేడియో లేదు. అంత చదువుకున్న మనిషి నన్ను చూసి, "నీకేమన్న తెలుసా?" అని అడిగాడు. నాకేం తెలుసు? నన్ను పనిలోంచి తీసెయ్యడం మాత్రం మరిచిపోయాడు.

ఏం వినిపించిందని ఎల్లయ్యను కూడా అడిగాను. దోమ పాడినట్టు వినిపించింది, కానీ ముక్కు చప్పుడు మాత్రం నిజమే అన్నాడు.

తమ్ముడు బతికే ఉన్నాడని బాయిసాబ్ గట్టిగా నమ్మేసింది. వాడి గది కడిగించింది. పరుపు ఎండలో వేయించింది. వచ్చేపోయేవాళ్లు సాబ్‌తో గుసగుసగా మాట్లాడి, ఆమెను చూసి తల ఊపేవాళ్లు. ఇప్పుడు నాకు ఇంకో భయం పట్టుకుంది. రికార్డు పగిలిందన్నది పోయింది. వాడు రాకపోతే? ఇంత ఆశ ఆమెకు నా చేతులతోనే పెట్టాను కదా. ఏడుపు ఏదో అప్పుడే ఏడ్చి ఉంటే ఈపాటికి తేరుకునేదేమో. పరుపు దులిపిన ప్రతిసారీ నాకు ఇదే ఆలోచన. మళ్లొక్కసారి వినిపిస్తే బాగుండునని ఎవరూ లేనప్పుడు నేనూ పెట్టి చూశాను. సర్రు తప్ప ఏమీ రాలేదు.

ఆ పాట మాత్రం నా నోట్లో ఉండిపోయింది. విసుర్రాయి దగ్గర కూర్చుంటే దానంతట అదే వచ్చేది. ఉత్త రాగం ఎంతసేపని, నేనే మాటలు పెట్టుకున్నాను.

మెట్లెక్కి మెట్లెక్కి మల్లస్తివేమిరో
చెప్పులు మరిస్తివా చిన్నోడా

ఇల్లాలు పిలిచిందో ఇసుర్రాయి పిలిచిందో
ఎందుకు మల్లితివి చిన్నోడా

ఎండాకాలం పోయింది. వానలు పడ్డాయి. పోలా పండుగ నాడు, ఎడ్లకు కొమ్ములు రంగు వేసి ఊరేగిస్తుంటే, ఆ గుంపులోంచి దారి చేసుకుంటూ తపాలా మనిషి వచ్చాడు. కవరు మీద రాత చూసి బాయిసాబ్ కవరు చింపలేదు. అట్లాగే పట్టుకుని వరండాలో గిరగిరా తిరిగింది. రాత వాడిది. చివరికి సాబ్ చింపి చదివాడు. ఆస్పత్రి నుంచి రాశాడు, ఇన్నాళ్లూ పేరు కూడా చెప్పుకోలేని స్థితిలో పడి ఉన్నాడట. బతికే ఉన్నాడు. నేను పోయి వాడి పరుపు ఇంకోసారి దులిపాను.

మనిషి రావడానికి మాత్రం యుద్ధం మొత్తం అయిపోవాల్సి వచ్చింది. సన్నగా, పొడుగ్గా, ఒక చెవి సరిగ్గా వినపడక తల పక్కకు వంచి మాట్లాడే మనిషి టాంగా దిగాడు. వచ్చిన రోజు ఇల్లంతా జనం. నేను పలకరించిందీ లేదు.

మరునాడు పొద్దున విసుర్రాయి ముందు కూర్చుని అలవాటుగా ఎత్తుకున్నాను. రెండు చరణాలు అయ్యేసరికి గడపలో నీడ పడింది. చూస్తే నౌషీర్. చేతిలో చాయ్ కప్పు ఒరిగిపోయి చాయ్ కారుతోంది, ఆయనకు తెలియడం లేదు.

"ఈ పాట నీకెవరు నేర్పిండ్రు?"

"మీరే" అన్నాను.



"మల్ల పాడు."

ముక్కు ఎగబీల్చి మళ్లీ ఎత్తుకున్నాను.

"ఆగు. పాడేముందు అట్ల ఎందుకు చేసినవ్? జలుబైందా?"

"లేదు సాబ్. పాటల అదుంటది గదా. అట్లనే మొదలైతది."

ఆయన అక్కడే గడప మీద కూర్చున్నాడు. బాయిసాబ్‌ను పిలిచి, మెల్లగా చెప్పాడు. ఇల్లు కూలినప్పుడు ఆయన కింద నేలమాళిగలో ఉన్నాడు. దారి మూసుకుపోయింది. కళ్లు పొడుచుకున్నా కానరాని చీకటి. ఒళ్లో ఫిడేలు ఉంది. పైన తవ్వేవాళ్లకు వినపడాలని వాయించడం మొదలుపెట్టాడు. తెలిసిన గొప్ప పాటలేవీ అప్పుడు గుర్తు రాలేదట. చేతికి వచ్చింది వాయించాడు, అదే మళ్లీ మళ్లీ. మూడు తీగలు తెగిపోయాయి, నాలుగో తీగ మీద అందినంత మేర పోయి వెనక్కి వచ్చేవాడు. బయటికి తీశాక ఆ పాట ఎప్పుడూ వాయించలేదు. వాయించాలంటే ఒళ్లు జలదరించేది. ఎవరికీ చెప్పలేదు, ఎక్కడా రాయలేదు.

"మరి నీ జలుబు?" అంది బాయిసాబ్.

"జలుబు గాదక్కా, దుమ్ము. ఇల్లు కూలిన దుమ్ము."

మేము రికార్డు విన్నది, ఆయన ఆ మట్టి కింద ఉన్నది ఒకే రోజయితే కథ ఇంకా బాగుండేది. కాలేదు. బాయిసాబ్ వేళ్ల మీద లెక్కబెట్టింది, సాబ్ కాగితం మీద లెక్కబెట్టాడు. మేము విన్నది ఆయన్ని బయటికి తీసిన మూడు నెలల తర్వాత. కలవనిదాన్ని కలిసిందని నేను రాయను.

ఇంకొకటి కూడా ఆ రోజే తేలింది. ఏడో వైపులో బాయిసాబ్ వేలెత్తే ఆ సన్నటి ఫిడేలు ఆయనది కాదట.

"అది నా ముందు కూసునే ముసలాయన అక్కా. నేను అక్కడ వాయించనే వాయించ."

బాయిసాబ్ నోరు తెరిచింది. "అయితే గిన్నేండ్లు నేను ఎవనికి వేలెత్తిన?"

సాబ్ నవ్వి నవ్వి దగ్గు పట్టి బయటికి పోయాడు. ఆ మధ్యాహ్నం నౌషీర్ ఫిడేలు తీశాడు. ఆయన వాయిస్తే నేను మాటలు పాడాను. చెప్పులు మరిస్తివా అన్నచోట ఆయనకు నవ్వొచ్చి కమాను జారింది. ఆ తర్వాత ఆ పాట వాయించడానికి ఆయన భయపడలేదు.

కొన్నేళ్లకు వాళ్లు బొంబాయి వెళ్లిపోయారు. నున్నటి రికార్డును శాలువాలో చుట్టుకుని బాయిసాబ్ తనతోనే తీసుకుపోయింది. లక్క గాజు నా దగ్గర ఉంది. మా మనవరాళ్లు దాన్ని చెవికి పెట్టుకుని ఏదో వినిపిస్తోందంటారు. ఏమీ వినిపించదు. నేను చాలాసార్లు పెట్టి చూశాను, అది గాజు. పాట మాత్రం ఇంట్లో అందరికీ వచ్చు. అందరూ ముక్కు ఎగబీల్చే మొదలుపెడతారు. విన్నవాళ్లు, మీ ఇంట్లో అందరికీ జలుబేనా అని అడుగుతారు.

గీతలు లేని లక్క మీద ఆ పాట ఎట్లా వచ్చిందో నాకు తెలియదు. సాబ్‌కు తెలియలేదు. నౌషీర్‌కూ తెలియలేదు. దయ్యమందామంటే, వాయించినవాడు బతికి వచ్చి నా చేతి రొట్టెలు తిన్నాడు.

తెలుసన్న మనిషి ఒక్కడే ఉన్నాడు. నౌషీర్ వచ్చిన వారానికి బజారుకు పోయి మక్బూల్ చాచాకు మొత్తం చెప్పాను. ఆశ్చర్యపడతాడనుకున్నాను. ఆయన కుంపటి మీంచి తల కూడా ఎత్తలేదు.

"చెప్పిన గదా బిడ్డా, నున్నగ ఉంటెనే సూది మంచిగ ఉరుకుతదని."